మొక్క కణంలో ప్రోటీన్ల ప్రయాణం – 4వ పాఠం: జెల్ చదవడం

లేత బఠానీ ఆకుల నుంచి పగలని హరితరేణువులను వేరుచేయడం గత పాఠంలో చూశాం. వాటిలోకి ప్రోటీన్ నిజంగా చేరిందో లేదో, ప్రోటీన్లను పరిమాణాన్ని బట్టి విడదీసే జెల్ చూసి తేల్చడం ఈ పాఠం.

కార్బన్ డయాక్సైడ్‌ను పట్టే ఎంజైమ్ రుబిస్కో చిన్న ఉపభాగాన్నే తీసుకుందాం. దీని జన్యువు కేంద్రకంలో ఉంది. ప్రోటీన్ కణద్రవ్యంలో తయారవుతుంది, పనిచేసేది మాత్రం హరితరేణువులో. బఠానీలో దీని పూర్వరూపం బరువు సుమారు 20 కిలోడాల్టన్లు. లోపలికి వెళ్లాక, ముందు చిరునామాలా ఉండే ట్రాన్సిట్ పెప్టైడ్‌ను స్ట్రోమాలోని (హరితరేణువు లోపలి ద్రవంలోని) ఎంజైమ్ కోసేస్తుంది, సుమారు 14 మిగులుతుంది. ఇలా విడిగా తీసిన హరితరేణువులలోకి ఈ ప్రోటీన్ ప్రవేశిస్తుందని 1978లో చువా, ష్మిట్ చూపించారు.

ఇప్పుడు జెల్‌లోని రేడియోధార్మిక ప్రోటీన్లు పట్టీలుగా పడిన ఫిల్మ్ చూడండి. మొదటి లేన్‌లో (నిలువు వరుసలో) రేడియోధార్మిక మిథియోనిన్‌తో తయారుచేసిన పూర్వరూపం ఒక్కటే, 20 దగ్గర. రెండో లేన్‌లో దాన్ని వెలుతురులో ఏటీపీతో పాటు హరితరేణువులకు కలిపి, తర్వాత కడిగిన నమూనా. 20 దగ్గర ఒకటి, 14 దగ్గర ఒకటి, రెండు పట్టీలు.

చాలామంది ఇక్కడే ఆగి “ప్రవేశించింది” అని రాసేస్తారు. తొందరపడకండి. కొన్ని హరితరేణువులు పగిలి ఆ కోసే ఎంజైమ్ బయటికి కారితే, పూర్వరూపం బయటే తెగి 14గా మారవచ్చు. పట్టీ చిన్నదైనంత మాత్రాన లోపలికి వెళ్లినట్టు కాదు.

అందుకే మూడో లేన్. ఇందులో ప్రోటీన్లను ముక్కలు చేసే ఎంజైమ్ థెర్మోలైసిన్ కలుపుతాం. బయట అంటుకున్న ప్రోటీన్లను అది నమిలేస్తుంది కానీ పొరను దాటలేదు. 20 మాయమై 14 నిలిచింది. సంతోషమే. అయితే ఆ 14 థెర్మోలైసిన్‌కు సహజంగానే లొంగని రకం కావచ్చు కదా? ఆ అనుమానం నాలుగో లేన్ తీరుస్తుంది. ట్రైటాన్ అనే డిటర్జెంట్‌తో పొరలను కరిగించి, అదే థెర్మోలైసిన్ వేస్తే 14 కూడా పోయింది. అంటే ఇంతవరకూ దాన్ని కాపాడినది పొరే. నాలుగో లేన్ లేని జెల్‌ను నేను నమ్మను, మీరూ నమ్మవద్దు. జెల్‌కు ఎక్కించే ముందు కాల్షియాన్ని పట్టేసే ఈడీటీఏ వేయడం మరవకండి. థెర్మోలైసిన్‌కు కాల్షియం కావాలి, దాన్ని లాగేస్తే ఆగిపోతుంది. లేకపోతే పొరలు కరిగే క్షణంలో లోపలి ప్రోటీన్‌నూ తినేస్తుంది.

అభ్యాసం: ఇదే ప్రయోగం చీకటిలో, 0.1 మిల్లీమోలార్ ఏటీపీతో చేశారు. రెండో లేన్‌లో 20 పట్టీ మాత్రమే ఉంది. మూడో లేన్ ఖాళీ. ప్రోటీన్ ఎక్కడ ఆగింది? హరితరేణువు బయటి పొరలోని ప్రవేశద్వార ప్రోటీన్లు టాక్159, టాక్34, టాక్75లను గుర్తుచేసుకుని రాయండి. జవాబు 5వ పాఠంలో.