తాళం వేసేముందు లెక్క వేయండి: స్టోరేజ్ స్వయంశిక్షణ, 4వ పాఠం

పోయిన పాఠంలో స్నాప్‌షాట్ (ఒక క్షణాన డేటా ఎలా ఉందో ఆ స్థితిని పట్టి ఉంచేది) తీయడం, అందులోంచి పోయిన ఫైలును వెనక్కి తెచ్చుకోవడం చూశాం. మొదటి నుంచీ నెట్‌యాప్ వారి స్టోరేజ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఆన్‌ట్యాప్‌నే ఉదాహరణగా పెట్టుకున్నాం కాబట్టి ఈసారీ దాంతోనే సాగుదాం. ఇవాళ్టి పని, స్నాప్‌షాట్‌కు తాళం వేయడం. 9.12.1 వెర్షన్‌తో వచ్చిన ఈ సౌకర్యం పేరు ట్యాంపర్‌ప్రూఫ్ స్నాప్‌షాట్. పెట్టిన గడువు తీరేదాకా దాన్ని ఎవరూ డిలీట్ చేయలేరు. ఎవరూ అంటే అడ్మిన్ కూడా.

ఫైళ్లను తెరవలేకుండా ఎన్‌క్రిప్ట్ చేసి డబ్బు గుంజే ర్యాన్సమ్‌వేర్ వాళ్లు ఈమధ్య ముందు అడ్మిన్ పాస్‌వర్డు కొట్టేసి, బ్యాకప్‌లూ స్నాప్‌షాట్లూ తుడిచేసి, ఆ తర్వాతే ఫైళ్ల జోలికి వస్తున్నారు. ఈ తాళం వాళ్ల కోసమే. అయితే దొంగకు వేసిన తాళం ఇంటివాళ్లకీ పడుతుంది. ఫిక్స్‌డ్ డిపాజిట్ అయితే వడ్డీ కొంత పోయినా మధ్యలో బ్రేక్ చేసుకోవచ్చు, ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. గడువు పెంచుకోవచ్చు గానీ తగ్గించడం కుదరదు. అందుకే తాళం సంగతి తర్వాత చూద్దాం, ముందు లెక్క.

స్నాప్‌షాట్ ఎంత చోటు తింటుంది?

ఈ ప్రశ్నకు "వాల్యూమ్‌లో ఇరవై శాతం" అని ఠక్కున చెప్పేవాళ్లు చాలామంది. (వాల్యూమ్ అంటే ఫైళ్లు పెట్టుకోవడానికి కేటాయించిన స్టోరేజ్ భాగం.) ఆ ఇరవై ఎక్కడిదయ్యా అంటే మాత్రం చెప్పలేరు.

ఆన్‌ట్యాప్ లోపలుండే వాఫుల్ ఫైల్ సిస్టమ్ డేటాను 4 కేబీ బ్లాకులుగా రాస్తుంది. ఉన్న బ్లాకు మీద మళ్లీ రాయదు. మారినదాన్ని ఖాళీగా ఉన్న ఇంకో బ్లాకులో రాసి, ఫైలును అటు తిప్పుతుంది. స్నాప్‌షాట్ తీయడమంటే ఆ క్షణాన ఏ ఫైలుకు ఏ బ్లాకులున్నాయో ఆ పట్టికను అలాగే పట్టి ఉంచడం. తీసిన నిమిషంలో దాని బరువు దాదాపు సున్నా. కాసేపటికి అకౌంట్స్‌లో ఎవరో ఒక ఎక్సెల్ షీటు మార్చి సేవ్ చేశారనుకోండి. మామూలుగా అయితే పాత బ్లాకులు ఖాళీ అయిపోవాలి, కానీ స్నాప్‌షాట్ వాటిని వదలదు. చోటు తినేది అవే. ఫైలు డిలీట్ చేసినా ఇదే కథ. "500 జీబీ తీసేశాను, అయినా చోటు రాలేదేంటి?" అని వచ్చే ఫోన్లకు సగం సార్లు కారణం ఇది.

కాబట్టి చూడాల్సింది వాల్యూమ్ సైజు కాదు, రోజుకు ఎంత మారుతోంది, ఎన్ని రోజులు ఉంచుతాం అన్నవి. ఈ రెండూ గుణిస్తే ఉజ్జాయింపు లెక్క వస్తుంది. ఒకే బ్లాకు రోజులో పదిసార్లు మారినా, రోజుకు ఒక్క స్నాప్‌షాటే ఉంటే ఒక్కసారే లెక్కలోకి వస్తుంది. కొత్తగా చేరిన ఫైలు స్నాప్‌షాట్ ఖాతాలో పడదు, అది మామూలు డేటా పెరుగుదల.

రోజువారీ మార్పు ఊహించక్కర్లేదు, కొలవొచ్చు. రెండు స్నాప్‌షాట్ల మధ్య ఎంత తేడా వచ్చిందో వాల్యూమ్ స్నాప్‌షాట్ షో-డెల్టా కమాండ్ చెబుతుంది. ఒకటి రెండు రోజులు చూసి సరిపెట్టుకోకండి. ఒక నెలాఖరైనా అందులో పడాలి, ఎందుకంటే అకౌంట్స్ షేర్‌లో 30వ తేదీ మార్పుకీ 12వ తేదీ మార్పుకీ పొంతన ఉండదు. ఇంకో మాట. లిస్టులో స్నాప్‌షాట్ పక్కన కనిపించే సైజూ, దాన్ని తీసేస్తే తిరిగొచ్చే చోటూ ఒకటి కావు. ఒకే పాత బ్లాకును నాలుగు స్నాప్‌షాట్లు పట్టుకుని ఉంటే, మూడింటిని తీసేసినా ఆ బ్లాకు ఖాళీ కాదు. నిజంగా ఎంత వస్తుందో తెలుసుకోవడానికి కంప్యూట్-రీక్లెయిమబుల్ అనే వేరే కమాండ్ ఉంది.

కొలిచాక అంకె మరీ పెద్దగా వస్తే కంగారుపడకుండా డేటాబేస్ డంపు (డేటాబేస్ మొత్తాన్ని ఫైలుగా రాసిన నకలు) కోసం వెతకండి. రోజూ రాత్రి 300 జీబీ డంపు పాతదాని మీద రాసే స్క్రిప్టు ఒకటి ఆ వాల్యూమ్‌లో ఉంటే, మిగతా ఆఫీసంతా కలిసి చేసే మార్పు దాని ముందు లెక్కలోకే రాదు. దాన్ని వేరే వాల్యూమ్‌కు మార్చి, అక్కడ వేరే స్నాప్‌షాట్ పాలసీ (ఎప్పుడు తీయాలి, ఎన్ని ఉంచాలి అన్న నియమాలు) పెట్టండి. వర్చువల్ మెషీన్లలో ఎవరో షెడ్యూల్ చేసి మర్చిపోయిన డీఫ్రాగ్ (డిస్కులో చెదిరిన ఫైళ్ల ముక్కల్ని ఒకచోటికి సర్దే పని) కూడా ఇలాంటి తలనొప్పే. ఫైలు మారదు, బ్లాకులన్నీ మారతాయి.

ఒక లెక్క చేద్దాం

10 టీబీ వాల్యూమ్. అందులో 8 టీబీ డేటా. రోజుకు ఒక శాతం, అంటే 80 జీబీ మారుతోంది. స్నాప్‌షాట్ల కోసం పక్కన పెట్టే చోటు, అంటే స్నాప్‌షాట్ రిజర్వు, డిఫాల్ట్‌గా 5 శాతం, అంటే 500 జీబీ. యూజర్లకు కనిపించే ఖాళీ 1.5 టీబీ. లెక్క తేలిగ్గా ఉండటానికి వెయ్యి జీబీని ఒక టీబీ అనుకుందాం.

డిఫాల్ట్ పాలసీ గంటవారీవి 6, రోజువారీవి 2, వారంవి 2 ఉంచుతుంది. దానితో ఇబ్బందేమీ రాదు. ఇప్పుడు రోజువారీ వాటికి 30 రోజుల తాళం పెట్టారు. పాలసీలో "2 ఉంచు" అని అలాగే ఉంది కదా, రెండే ఉంటాయిలే అనుకుంటే పొరపాటు. సంఖ్యకూ గడువుకూ పేచీ వస్తే గడువుదే పైచేయి, ముప్పైకి ముప్పై పోగవుతాయి. 30 రోజులకు 2.4 టీబీ.

మొదటి ఆరు రోజులు రిజర్వులోనే సర్దుకుంటాయి. రిజర్వు గోడ లాంటిది కాదు, నిండితే స్నాప్‌షాట్లు యూజర్ల చోటులోకి వచ్చేస్తాయి. ఏడో రోజు నుంచి ఎవరూ ఒక్క ఫైలు పెట్టకపోయినా ఖాళీ తగ్గుతూ వస్తుంది. 25వ రోజుకు వాల్యూమ్ నిండిపోతుంది. మామూలు రోజుల్లో పాత స్నాప్‌షాట్లు రెండు తీసేసి ఊపిరి పీల్చుకుంటాం. ఇప్పుడు అన్నిటికీ తాళాలే. చోటు తగ్గినప్పుడు స్నాప్‌షాట్లను తానే తీసేసే ఆటోడిలీట్ పెట్టుకున్నా తాళం ఉన్నవాటిని అది ముట్టుకోదు. వాల్యూమ్ పెంచడం తప్ప దారి లేదు, పెంచడానికి కింద అగ్రిగేట్‌లో (వాల్యూమ్‌లు పంచుకునే డిస్కుల సమూహం) చోటుండాలి.

ముందే లెక్క వేసుకుంటే దారులున్నాయి. తాళం 14 రోజులకు తగ్గిస్తే 1.12 టీబీ సరిపోతుంది. లేదా వారానికి ఒకదానికే తాళం వేయొచ్చు. రోజూ మారే బ్లాకులు అప్పుడు వారానికి ఒక్కసారే లెక్కకొస్తాయి కాబట్టి బాగానే కలిసొస్తుంది, కాకపోతే దాడి జరిగితే వారం పని పోవచ్చు. ఫైల్ షేర్లకైతే నా ఓటు రోజువారీ 14 రోజులకే.

దాడి జరిగే రోజు లెక్క వేరే. ఆ రోజు మార్పు ఒక శాతం కాదు, నూరు శాతం. 8 టీబీ పాత బ్లాకుల్ని స్నాప్‌షాట్లు పట్టుకుంటాయి, ఎన్‌క్రిప్ట్ అయిన ఇంకో 8 టీబీకి చోటు కావాలి. పైగా ఎన్‌క్రిప్ట్ అయిన డేటా కంప్రెషన్‌కూ డీడూప్‌కూ (ఒకేలాంటి బ్లాకుల్ని ఒక్కసారే ఉంచడం) లొంగదు. నిండేకొద్దీ వాల్యూమ్‌ను తానే పెంచే ఆటోగ్రోను హద్దు లేకుండా వదిలేస్తే అగ్రిగేట్ మొత్తం నిండి, ఏ పాపం తెలియని పక్క వాల్యూమ్‌లూ ఆగిపోతాయి. ఆటోగ్రోకు గరిష్ఠ పరిమితి పెట్టి తీరాలి.

ఇప్పుడు తాళం

తాళం వేయడానికి స్నాప్‌లాక్ లైసెన్స్ ఉండాలి, ఆన్‌ట్యాప్ వన్ అనే లైసెన్స్ ప్యాకేజీ తీసుకున్నవాళ్లకు అందులోనే వస్తుంది. తర్వాత కంప్లయెన్స్ క్లాక్‌ను ప్రారంభించాలి. మామూలు గడియారం ఉండగా ఇంకొకటి ఎందుకంటే, అడ్మిన్ పాస్‌వర్డు చిక్కినవాడు తేదీని పదేళ్లు ముందుకు జరిపితే తాళాలన్నీ గడువు తీరి ఊడిపోవాలి. కంప్లయెన్స్ క్లాక్ ఆ తేదీ మార్పును పట్టించుకోదు. ఆ తర్వాత వాల్యూమ్‌లో స్నాప్‌షాట్ లాకింగ్ ఆన్ చేసి, పాలసీలో రిటెన్షన్ పీరియడ్ రాయాలి. మొదటిసారి ఒక చిన్న టెస్ట్ వాల్యూమ్ మీద ఒక్క రోజు గడువుతో చేయండి. డిలీట్ కొట్టి చూడండి, ఒప్పుకోదు. గడువు తీరని తాళం ఉండగా ఆ వాల్యూమ్‌ను కూడా తీసేయలేరు.

దీనికి తోడు ఇంకో రెండు సౌకర్యాలున్నాయి. 9.11.1లో వచ్చిన మల్టీ-అడ్మిన్ వెరిఫికేషన్ ఉంటే వాల్యూమ్ డిలీట్ లాంటి కమాండ్లకు ఇంకో అడ్మిన్ ఆమోదం కావాలి. ఆ ఇంకో అడ్మిన్ మీ రెండో లాగిన్ అయితే పెట్టినా ఒకటే, పెట్టకపోయినా ఒకటే. 9.10.1లో వచ్చిన అటానమస్ ర్యాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్ ఫైళ్ల తీరు గమనించి, అనుమానం రాగానే తానే ఒక స్నాప్‌షాట్ తీస్తుంది. మొదట్లో దానికి 30 రోజులు నేర్చుకునే సమయం ఇవ్వమనేవారు. 9.16.1లో వచ్చిన ఏఐ మోడల్‌తో మామూలు ఫైల్ షేర్ వాల్యూమ్‌లకు ఆ అవసరం పోయింది. వచ్చే పాఠం దీని మీదే.

అభ్యాసం

6 టీబీ వాల్యూమ్, 4.5 టీబీ డేటా. వారానికి ఐదు పనిరోజులు. పనిరోజుకు 60 జీబీ మార్పు, నెలాఖరు రెండు పనిరోజులు మాత్రం 200 జీబీ చొప్పున. రోజువారీ స్నాప్‌షాట్లకు 21 రోజుల తాళం. నెలాఖరు ఆ 21 రోజుల్లో పడితే చోటు సరిపోతుందా? సరిపోతే, పనిరోజుకు 10 జీబీ కొత్త ఫైళ్లు చేరుతూ ఉంటే ఎన్ని వారాలు సరిపోతుంది? కాగితం మీద చేయండి. మొదటి ప్రశ్నకు మీకు 1,180 జీబీ అని వస్తే దారిలో ఉన్నట్టే.