పాత కార్ల వెనక యాక్సిల్ బేరింగ్‌ని మెరుగుపరచడం ఎలా?

1920, 30ల నాటి కార్లలో వెనక చక్రాల దగ్గర రెండు బాధలు తరచూ కనిపిస్తాయి: బేరింగ్ అరిగి చక్రం ఊగడం, డిఫరెన్షియల్ (ఇంజిన్ శక్తిని రెండు వెనక చక్రాలకు పంచే గేర్ల పెట్టె) ఆయిల్ కారి బ్రేక్ లైనింగులు తడవడం. చాలామంది మంచి ఆయిల్ సీల్ ఒకటి వేసేసి పని అయిపోయిందనుకుంటారు. అక్కడే చిక్కంతా. కొన్ని హబ్బుల్లో (చక్రం బిగించే మధ్య భాగాల్లో) బేరింగ్‌ని తడిగా ఉంచేది ఆ ఆయిలే, దాన్ని సీల్‌తో ఆపేస్తే బేరింగ్ ఎండిపోయి మాడిపోతుంది. కాబట్టి సీల్ మారిస్తే బేరింగ్‌కి గ్రీజు సంగతీ చూడాల్సిందే.

ముందు మీ యాక్సిల్ ఏ రకమో తెలుసుకోండి. సెమీ ఫ్లోటింగ్ అయితే బేరింగ్ హాఫ్ షాఫ్ట్ (డిఫరెన్షియల్ నుంచి చక్రానికి వెళ్లే కడ్డీ) మీదే ఉంటుంది, బండి బరువు కూడా షాఫ్టే మోస్తుంది, అది హబ్ దగ్గర విరిగితే చక్రం ఊడి వచ్చేస్తుంది. త్రీ క్వార్టర్ ఫ్లోటింగ్‌లో బరువు యాక్సిల్ గొట్టం మీద పడినా, మలుపుల్లో చక్రాన్ని నిటారుగా నిలబెట్టేది షాఫ్టే. ఫుల్ ఫ్లోటింగ్‌లో షాఫ్ట్ పని తిప్పడం ఒక్కటే, దాని జోలికి పెద్దగా వెళ్లక్కర్లేదు.

బండిని స్టాండ్ల మీద నిలిపి, ముందు చక్రాలకు అడ్డు పెట్టండి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, గాలి కొట్టకుండా తడిగుడ్డతో తుడవండి. హబ్‌ని పుల్లర్‌తోనే (మరతో బయటికి లాగే పనిముట్టు) లాగాలి, షాఫ్ట్ చివర సుత్తితో కొట్టొద్దు.

షాఫ్ట్ చేతికి రాగానే టేపర్ (చివర సన్నబడే భాగం) మీద కీ గాడి (హబ్‌ని షాఫ్ట్‌తో కలిపి తిప్పే ఇనుప ముక్క కూర్చునే గాడి) మూలలు చూడండి. పగుళ్లు మొదలయ్యేది ఎక్కువగా అక్కడే, కంటికి కనపడవు కాబట్టి డై పెనెట్రెంట్‌తో (పగుళ్లలోకి ఇంకి వాటిని చూపించే రంగు ద్రవం) పరీక్ష చేయించాలి. పగులు ఉంటే షాఫ్ట్ మార్చాల్సిందే, ఇందులో బేరం లేదు.

తర్వాత బేరింగ్ లోపలి వ్యాసం, బయటి వ్యాసం, వెడల్పు కొలవండి. మెట్రిక్ అయితే పని సులువు: 35 మి.మీ. షాఫ్ట్‌కి 6207 నంబరు బేరింగ్ సరిపోతుంది, అది 35×72×17 మి.మీ. అంగుళాల సైజు అయితే ఆ సైజులోనే దొరికేది వెతకండి, హబ్‌ని తొలిచి పల్చన చేయకండి. రెండు పక్కలా రబ్బరు సీల్ ఉన్న 2ఆర్ఎస్ రకం తీసుకుంటే గ్రీజు లోపలే ఉంటుంది. పాత బేరింగ్ వెడల్పుగా ఉంటే, కొత్తది సన్నగా ఉండడం వల్ల మిగిలిన చోటులో స్పేసర్‌తో (ఖాళీ నింపే రింగు) పాటు లిప్ సీల్ (స్ప్రింగుతో షాఫ్ట్‌ని పట్టుకునే రబ్బరు అంచున్న ఆయిల్ సీల్) కూడా పెట్టొచ్చు. సీల్‌లో స్ప్రింగ్ ఉన్న వైపు ఆయిల్ వైపే ఉండాలి. సీల్ తిరిగే చోట గాడి పడి ఉంటే సన్నటి స్టెయిన్‌లెస్ స్లీవ్ ఎక్కించండి.

బేరింగ్‌ని ఎక్కించేటప్పుడు బిగుతుగా కూర్చునే రింగునే నొక్కాలి, బాల్స్ మీదుగా బలం పోకూడదు. వేడి చేయాల్సి వస్తే సీల్డ్ రకాన్ని 80 డిగ్రీల సెల్సియస్ దాటించకండి, గ్యాస్ మంట అసలు వద్దు.

ఫోర్డ్ మోడల్ టి (1908–27) ఉన్నవాళ్లు డిఫరెన్షియల్ కూడా విప్పి చూడండి. అందులో బాబిట్ (మెత్తటి మిశ్రమ లోహం) థ్రస్ట్ వాషర్లు (పక్కవాటు తోపుడిని ఆపేవి) పొడైతే క్రౌన్ వీల్ (డిఫరెన్షియల్‌లోని పెద్ద పళ్ల చక్రం) పక్కకు జరిగి, గేర్‌బాక్సు మీదుగా పనిచేసే పెడల్ బ్రేక్ కూడా పోతుంది. వాటి స్థానంలో కంచువి వేయండి.

బిగించే ముందు యాక్సిల్ బ్రీదర్ రంధ్రం (లోపలి గాలి బయటికి పోయే చోటు) శుభ్రం చేయండి, అది మూసుకుపోతే ఎంత మంచి సీల్ వేసినా ఆయిల్ కారుతుంది. టేపర్‌ని ఆయిల్ లేకుండా పొడిగా తుడిచి నట్ బిగించండి. స్ప్లిట్ పిన్ (నట్ వదులు కాకుండా దూర్చే పిన్) రంధ్రం కలవకపోతే నట్‌ని ఇంకొంచెం బిగించాలే తప్ప వదులు చేయొద్దు. కొంత దూరం నడిపాక రెండు బ్రేక్ డ్రమ్ముల వేడి పోల్చి చూసి, నట్ మళ్లీ బిగించి కొత్త పిన్ వేయండి.