యాపిల్ సైడర్ చేదెక్కింది, ఇలా సరిచేశాను

మొదటిసారి మసాలా యాపిల్ సైడర్ (యాపిల్స్ ని మసాలా దినుసులతో మరిగించి వడకట్టే పానీయం) కాచినప్పుడు ఇల్లంతా ఘుమఘుమలాడింది, తీరా ఒక గుక్క తాగితే నాలుక మొద్దుబారి గొంతులో చేదు మిగిలింది. చాలా బాధేసింది. తప్పు ముఖ్యంగా లవంగాల దగ్గర జరిగింది, 2 లీటర్లకు 15 దాకా వేసి గంటన్నర మరగనిచ్చాను, లవంగంలో ఉండే యూజెనాల్‌కి నోటిని తిమ్మిరెక్కించే గుణం ఉంది. పైగా నారింజను తొక్కతోనే ముక్కలు కోసి పడేశాను, తొక్క కింది తెల్లపొర మరిగేకొద్దీ చేదు దిగుతుంది. దాల్చినచెక్క పొడి అయితే అడుగున జిగురుగా పేరుకుపోయింది.

రెండోసారి పుల్లవీ తియ్యవీ కలిపి 8 యాపిల్స్ కోసి, మునిగేదాకా నీళ్లు పోసి, సన్న సెగ మీద బాగా మెత్తబడేదాకా ఉంచాను. 4 లవంగాలు, 2 దాల్చినచెక్క ముక్కలు, కాస్త అల్లం పల్చటి గుడ్డలో మూటకట్టి చివరి 20 నిమిషాలు మాత్రమే వేసి తీసేశాను. నారింజ తొక్క పైపైన చెక్కి, దించాక కలిపాను. పంచదార రుచి చూశాకే వేయండి, యాపిల్ తియ్యగా ఉంటే అసలు అక్కర్లేదు. వడకట్టేటప్పుడు గుజ్జును పిండకుండా దానంతటదే కారనిస్తే తేటగా వస్తుంది.