మాట పుట్టుక, 4వ పాఠం: ‘గెట్’ని ‘పొందు’తో కట్టేయకండి

పోయిన పాఠం చివర ‘గెట్’ ఉన్న పన్నెండు వాక్యాలిచ్చి తెలుగులో రాయమన్నాను. వచ్చిన జవాబుల్లో చాలావరకు ‘నేను కోపం పొందాను’, ‘మేము తడి పొందాము’, ‘ఆమె బస్సు పొందింది’ అనే ఉన్నాయి. ఇందులో నా తప్పు ఉంది. ‘గెట్’కి పుట్టినప్పటి అర్థం ‘సంపాదించు, చేజిక్కించుకో’ అని చెప్పి అక్కడే ఆపేశాను, మీరు అదే అసలు అర్థమని, మిగతావన్నీ పైపై వాడుకలని అనుకున్నారు. మాట ఎక్కడ పుట్టిందో తెలుసుకునేది అది నడిచిన దారి కనుక్కోవడానికి, దాన్ని మళ్లీ పుట్టినచోటికి లాక్కెళ్లడానికి కాదు. అందుకే ‘టేక్’ పాఠం వచ్చేసారికి వాయిదా.

స్కాండినేవియా నుంచి ఓడల్లో వచ్చిపడ్డ వైకింగ్‌ల సంగతి మళ్లీ చెప్పను. 793లో ఇంగ్లండ్‌లోని లిండిస్‌ఫార్న్ మఠం మీద పడ్డవాళ్ల తర్వాతి తరాలు ఇంగ్లండ్ తూర్పు, ఉత్తర ప్రాంతాల్లో కాపురం పెట్టడం, వాళ్ల ‘గెటా’ ఇరుగుపొరుగు నోళ్లలో ‘గెట్’గా కుదురుకోవడం చూశాం. ఒక్కటి మాత్రం చెప్పలేదు. ఇంగ్లీషులో అప్పటికే దీనికో దేశవాళీ చుట్టం ఉండేది, ‘ఫర్‌గెట్’లో కనిపించేది అదే. కాకపోతే అందులో ‘గ’ని ఆరోజుల్లో ‘య’లాగా పలికేవారు. స్కాండినేవియా వాళ్లు రాకపోయి ఉంటే ఇవాళ ‘యెట్’ లాంటిదేదో అంటూ ఉండేవాళ్లం.

ఈ గ, య తగాదాకి నాకు బాగా ఇష్టమైన సాక్ష్యం కోడిగుడ్డు. ఇంగ్లండ్‌కి అచ్చుయంత్రం తెచ్చిన విలియం కాక్స్టన్ 1490లో రాశాడు: థేమ్స్ నదిలో గాలి లేక ఓడ ఆగిపోతే కొందరు వర్తకులు ఒడ్డుకు దిగారు, ఒకాయన ఓ ఇంటావిడని ‘ఎగ్స్’ కావాలని అడిగాడు. ఆవిడ ‘నాకు ఫ్రెంచి రాదు’ అంది. ఆయనకి కోపం వచ్చింది, ఎందుకంటే ఫ్రెంచి ఆయనకీ రాదు! పక్కనున్నవాడు ‘ఎయిరెన్’ అనేసరికి ఆవిడకి అర్థమైంది. ‘ఎగ్’ వైకింగ్‌ల మాట, ‘ఎయిరెన్’ దేశవాళీ మాట.

మళ్లీ ‘ఫర్‌గెట్’ దగ్గరికి వద్దాం. ‘గెట్’ అంటే పట్టుకోవడం అనుకుంటే, ముందున్న ‘ఫర్’ ఆ పట్టు జారిపోయిందని చెప్తుంది. పట్టు జారితే మరపు, పట్టు దొరికితే ‘ఐ గాట్ ఇట్’. మన ‘గ్రహించు’ కూడా ఈ దారినే వచ్చింది. రాహువు సూర్యుణ్ణి పడితే గ్రహణం, మనసు విషయాన్ని పడితే గ్రహించడం.

ఇక అసలు పని. ‘గెట్’ని చూడకండి, దాని తర్వాతి మాటని చూడండి. వస్తువు ఉంటే అది చేతికి రావడం. ఇక్కడ ఇంగ్లీషులో మనిషి ఉత్తరాన్ని ‘గెట్’ చేస్తాడు, తెలుగులో ఉత్తరమే మనిషికి వస్తుంది. జ్వరం, కోపం, మార్కులు, ఉద్యోగం, అన్నీ మనకి వస్తాయి, బస్సు మాత్రం అందుతుంది. చోటు ఉంటే చేరడం, ‘గెట్ హోమ్’ అంటే ఇల్లు చేరడం. స్థితి చెప్పే మాట ఉంటే ఆ స్థితికి చేరడం, అంటే కావడం. ‘గాట్ వెట్’ తడిశాడు, ‘గాట్ టైర్డ్’ అలసిపోయాడు, ‘గాట్ లాస్ట్’ తప్పిపోయాడు, ‘గాట్ కాట్’ పట్టుబడ్డాడు. అలసిపోయినవాడు ఎక్కడికీ పోలేదు, పట్టుబడిన దొంగ కింద పడలేదు. మన ‘పోవు’, ‘పడు’ పాత అర్థం అరిగిపోయి కొత్త పనికి కుదిరాయి, ‘గెట్’కి జరిగిందీ అదే. నేనైతే నిఘంటువు తెరిచేముందు ‘పోయాడా, పడ్డాడా, వచ్చిందా’ అని పైకి అని చూస్తాను, సగం వాక్యాలు అక్కడే తేలిపోతాయి.

ఇప్పుడు పెళ్లి. ‘ఐ గాట్ మ్యారీడ్ సిన్స్ టెన్ ఇయర్స్’. ఇది వినీ వినీ విసిగిపోయాను. మా మేనకోడలు వీసా ఇంటర్వ్యూకి సిద్ధమవుతూ నా ఎదురుగా కూర్చుని నాలుగుసార్లు ఇదే చెప్పింది, నాలుగుసార్లూ ఆపాను. చిక్కు తెలుగులోనే ఉంది. ‘నాకు పెళ్లయింది’ అంటే ఒకరోజు జరిగిన పెళ్లీ అవుతుంది, ఇవాళ్టి పరిస్థితీ అవుతుంది. ఇంగ్లీషు ఈ రెంటినీ విడదీస్తుంది. ‘గెట్’ గడప దాటడం, ‘యామ్’ ఇంట్లో ఉండటం. గడప ఒక్క క్షణంలో దాటేస్తాం, పదేళ్లుగా దాటుతూ ఉండం. పెళ్లయిందా అని అడిగితే ‘ఐ యామ్ మ్యారీడ్’. ఎప్పుడు అని అడిగితే ‘ఐ గాట్ మ్యారీడ్ ఇన్ 2015’. ఎన్నాళ్లయింది అంటే ‘ఐ హావ్ బీన్ మ్యారీడ్ ఫర్ టెన్ ఇయర్స్’, ఇందులో ‘గాట్’కి చోటే లేదు. తలుపు సంగతీ ఇంతే: ‘గాట్ లాక్డ్’ అంటే తాళం పడింది, ‘ఈజ్ లాక్డ్’ అంటే తాళం పడి ఉంది. ‘పడింది’, ‘పడి ఉంది’ తేడా మనకి పుట్టుకతో తెలుసు, పెళ్లి దగ్గరికొచ్చేసరికే వదిలేస్తున్నాం. ఇంకోటి, ‘మ్యారీడ్ విత్’ కాదు, ‘మ్యారీడ్ టు’.

అమెరికా నుంచి ఇద్దరు ‘గాటెన్’ తప్పా అని అడిగారు. తప్పు కాదు. వలస వెళ్లినవాళ్లు ఇంగ్లండ్ నుంచి పట్టుకెళ్లిన పాత రూపమది, బ్రిటన్‌లోనే వాడుక తగ్గిపోయింది. అమెరికాలో ‘హావ్ గాట్’ అంటే ఉంది, ‘హావ్ గాటెన్’ అంటే వచ్చింది లేదా అయింది.

అభ్యాసం. ఇవాళ మీ ఫోన్‌లో, ఆఫీసు మెయిళ్లలో కనపడే ‘గెట్’ వాక్యాలు ఇరవై రాసుకోండి, ఒక్కదాంట్లోనూ ‘పొందు’ రాకుండా తెలుగు చేయండి. ‘గెట్’ తర్వాత మనిషిని చెప్పే మాట, ఆ తర్వాత ‘టు’ వచ్చే రకం నేను చెప్పలేదు, మన ‘రప్పించు’, ‘చేయించు’లో ఉన్న ‘ఇంచు’ని పట్టుకుని మీరే తేల్చండి. అది తేలాక దీన్ని తెలుగు చేసి పంపండి, ప్రతి ‘గెట్’ పక్కన అది ఏ రకమో రాయాలి: ‘గెట్ అప్, గెట్ డ్రెస్డ్, గెట్ దేర్ బై నైన్, గెట్ ద పేపర్స్ అండ్ గెట్ హిమ్ టు సైన్ బిఫోర్ హీ గెట్స్ యాంగ్రీ.’