అసమానతను లెక్కగట్టడం – 4వ భాగం: గినీని చేత్తో వేసి చూద్దాం

పోయిన భాగంలో లారెంజ్ గీత (తక్కువ ఉన్నోళ్ల నుంచి వరుసగా ఎంత శాతం మంది దగ్గర మొత్తంలో ఎంత వాటా ఉందో చూపే గీత) గీసి ఆపేశాం. ఆ గీత 1905లో అమెరికా ఆర్థికవేత్త మాక్స్ లారెంజ్ ఇచ్చినది. అసమానతను ఒక్క అంకెలో చెప్పే పద్ధతిని 1912లో ఇటలీ గణాంకవేత్త కొరాడో గినీ ఇచ్చాడు. అందరికీ సమానంగా ఉంటే 0, ఎక్కువమందిలో ఒక్కడి దగ్గరే అంతా ఉంటే 1కి దగ్గర. సాఫ్ట్‌వేర్‌లో ఒక లైన్ కొడితే వచ్చేస్తుంది గానీ, ఒక్కసారైనా పెన్ను పట్టకపోతే అది ఎక్కడ బోల్తా కొట్టిస్తుందో తెలియదు.

దేవరకొండ వైపు ఒక ఊళ్లో అయిదుగురు పట్టాదారులు ఉన్నారనుకోండి, భూములు 1, 2, 3, 4, 10 ఎకరాలు, మొత్తం 20. (గుంటల్లో వేసినా జవాబు మారదు, కావాలంటే 40తో గుణించి చూడండి.) తక్కువ నుంచి ఎక్కువకు వరుసగా పెట్టి, నడిమి మనిషి కింద 0 రాసి, ఎడమకు −2, −4, కుడికి 2, 4 రాయండి. ఎవరి ఎకరాలను వాళ్ల కింది అంకెతో గుణించి కూడితే −4 −4 +0 +8 +40, అంటే 40. దాన్ని మనుషుల సంఖ్య × మొత్తం ఎకరాలు, అంటే 5×20=100తో భాగిస్తే 0.40. అంతే, గినీ వచ్చేసింది. సరిసంఖ్యలో మనుషులుంటే నడుమ సున్నా ఉండదు, −3, −1, 1, 3 లాగా వేసుకోవాలి.

ఇప్పుడు అసలు సంగతి. ఈ అయిదుగురు ఎక్కడి నుంచి వచ్చారు? పట్టా పాసుబుక్కుల జాబితా నుంచి. అదే ఊళ్లో గుంట భూమి కూడా లేని కూలి కుటుంబాలు రెండున్నాయి, వాళ్లనూ చేర్చండి: 0, 0, 1, 2, 3, 4, 10. అంకెలు −6 నుంచి 6 దాకా. కూడితే 80, భాగించేది 7×20=140, జవాబు 0.57. ఎవరి భూమీ ఒక్క గుంట మారలేదు, జాబితా మారిందంతే!

2018లో మొదలైన రైతుబంధు డబ్బునూ ఇట్లనే చూడొచ్చు. తర్వాత్తర్వాత ఎకరాకు సీజన్‌కు 5,000 అయింది కదా, ఆ లెక్కన మన ఊరికి లక్ష వస్తుంది. ఒకాయనకు 5,000, ఇంకొకాయనకు 50,000. ఎకరానికి ఇంత అన్నారు కాబట్టి డబ్బు గినీ కూడా అచ్చంగా 0.40, భూమి లేనోళ్లను కలిపితే 0.57. తేడా 45,000 రూపాయలా, 45 పైసలా అన్నది గినీకి పట్టదు, దానికి కావలసింది వాటాలే. నాకైతే ఇది దాని గుణమూ లోపమూ రెండూ.

పాలమూరు వైపు సర్వేకు పోయేవాళ్లకు ఇంకో చిక్కు ఉంటుంది. నారాయణపేట, మక్తల్ పక్క ఊళ్లలో ఎండాకాలంలో వలసపోయినోళ్ల ఇళ్లకు తాళాలుంటాయి. తాళం ఉన్న ఇల్లు వదిలేసి పక్కింటికి పోతే ఆ ఇంటి సంగతి లెక్కలోకే రాదు. పేదోళ్లే ఎక్కువగా జారిపోతే గినీ సాధారణంగా తగ్గి కనబడుతుంది, మీరు ఎంత పెద్ద మోడల్ వేసినా ఆ లోటు పూడదు. మళ్లీ పోవాలి, లేదా దొరికిన అట్లాంటి ఇళ్లకు బరువు పెంచాలి, అంటే ఒక్కో ఇంటిని ఒకటి కంటే ఎక్కువ ఇళ్ల కింద లెక్కగట్టాలి.

పేపర్లో గినీ చూసినప్పుడు అది దేని గినీ అని కూడా అడగండి. 2022-23 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం గ్రామాల్లో 0.266, పట్టణాల్లో 0.314, కానీ అది ఖర్చుది, ఆదాయానిది కాదు. ఉన్నోడు వచ్చిందంతా తినడు కదా, అందుకే ఖర్చు గినీ మామూలుగా చిన్నగానే ఉంటుంది.

చిన్న శాంపిల్‌తో జాగ్రత్త. అయిదుగురిలో 20 ఎకరాలూ ఒక్కడివే అయినా గినీ 0.80 దాటదు, వేసి చూడండి. అందుకే n/(n−1)తో గుణిస్తారు (n అంటే మనుషుల సంఖ్య), మన 0.40 అప్పుడు 0.50 అవుతుంది. వేల ఇళ్ల సర్వేలో ఈ సవరణతో దాదాపు తేడా ఉండదు.

ఇంటి పని: ఏడు కుటుంబాల ఊళ్లో 10 ఎకరాలాయన 3 ఎకరాలు తీసి, భూమి లేని ఇద్దరికీ ఎకరంన్నర చొప్పున ఇచ్చాడనుకుని గినీ కట్టండి. వరుస మళ్లీ పేర్చుకోవడం మరిచిపోకండి, సవరణ వేయకండి, 0.35 రావాలి. వచ్చే భాగంలో ఈ అంకెకు ఎంత అటూఇటూ ఉంటుందో బూట్‌స్ట్రాప్‌తో (ఉన్న శాంపిల్‌లోంచే మళ్లీ మళ్లీ ఏరి లెక్కగట్టే పద్ధతితో) చూద్దాం.