పాత పిన్‌బాల్ యంత్రం ఇంట్లో బాగుచేయడం: లక్షణం, కారణం, మరమ్మతు

వాలు పలక మీద ఉక్కు బంతిని కొడుతూ స్కోరు చేసే పిన్‌బాల్ యంత్రాల తయారీకి ప్రధాన కేంద్రం అమెరికాలోని షికాగో. అక్కడ గాట్లీబ్, బాలీ, విలియమ్స్ సంస్థలు 1970ల మధ్య దాకా తయారుచేసిన యంత్రాల్లో సాధారణంగా చిప్పులు ఉండవు. రిలేలు (కరెంటుతో పనిచేసే స్విచ్చులు), కాయిళ్లు (కరెంటు వస్తే అయస్కాంతమయ్యే తీగ చుట్టలు), రేకు స్విచ్చులు, ఒక చిన్న మోటారు కలిసి ఆటను నడిపి స్కోరు లెక్కపెడతాయి. అందువల్ల టంకం పెట్టడం, మల్టీమీటరు చూడడం వచ్చినవారు ఓపిక ఉంటే వీటిని ఇంట్లోనే బాగుచేసుకోవచ్చు. ఈ వ్యాసం ఆ తరం యంత్రాలకే పరిమితం.

ఒక విషయం మొదటే చెప్పాలి. ఈ యంత్రాల్లో భాగం కాలిపోవడం తక్కువ. స్విచ్చు రేకుల కొసన ఒకదానికొకటి తగలవలసిన పాయింటు తగలకపోవడం, కదలవలసినది కదలకపోవడం ఎక్కువ. ఒంగోలుకు కొత్తపట్నం సముద్రం ఇరవై కిలోమీటర్లు కూడా లేదు, నెల్లూరుకు మైపాడు తీరమూ దగ్గరే. ఆ ఉప్పుగాలికి రేకుల మీద కిలుము పడుతుంది. మన ఎండలకు యాభై ఏళ్లనాటి గ్రీజు జిగురై, ఆపైన గట్టిపడుతుంది. కాబట్టి కొత్త భాగాల కోసం విదేశాలకు ఆర్డరు పెట్టే ముందు శుభ్రం చేయడమే మరమ్మతులో ముఖ్య భాగమని గుర్తించాలి.

ప్లగ్గు పెట్టడానికి ముందు

అమెరికా మార్కెట్టుకు చేసిన యంత్రానికి 115 వోల్టులు, 60 హెర్ట్‌జుల కరెంటు కావాలి. ఎగుమతికి చేసిన కొన్నింటి ట్రాన్స్‌ఫార్మరుకు 230 వోల్టుల కొస కూడా ఉంటుంది కాబట్టి ముందు దాని మీది రాతలు చదవాలి. అది లేకపోతే 500 వీఏ (వోల్ట్-ఆంపియరు) సామర్థ్యమున్న, వోల్టేజి తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు తెచ్చుకోవాలి. మన కరెంటు 50 హెర్ట్‌జులు కాబట్టి స్కోరు మోటారు సుమారు ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతుంది, ట్రాన్స్‌ఫార్మరు కాస్త ఎక్కువ వేడెక్కుతుంది. ఈ నెమ్మదితనం లోపం కాదు, దానికి కారణం వెతుకుతూ కూర్చోవద్దు.

పాత యంత్రాల్లో చాలావాటికి రెండు తీగల వైరే ఉంటుంది. దాన్ని తీసేసి మూడు తీగల వైరు వేసి, ట్రాన్స్‌ఫార్మరు చట్రానికీ, నాణేలు వేసే తలుపుకూ, చేతికి తగిలే ప్రతి లోహ భాగానికీ ఎర్తు కలపాలి. ఇది ఐచ్ఛికం కాదు. ఫ్యూజుల విషయంలోనూ అంతే కచ్చితంగా ఉండాలి. ఫ్యూజు పోతే చేతికందిన రాగితీగ చుట్టి పని కానిచ్చే అలవాటు మన ఇళ్లలో ఉంది. ఇక్కడ అలా చేస్తే ఫ్యూజుకు బదులు కాయిలు, దాని వెంట చెక్కపెట్టె కాలతాయి. పక్కన రాసి ఉన్న ఆంపియర్లే వేయాలి.

ఒక్క దీపమూ వెలగడం లేదు

ఫ్యూజును చూసి తేల్చవద్దు, బయటికి తీసి మల్టీమీటరుతో పరీక్షించాలి. అది బాగుంటే దాన్ని పట్టుకునే క్లిప్పు వదులైందేమో, తుప్పు పట్టిందేమో చూడాలి. తరువాతి అనుమానం స్కోరు చూపే పై పెట్టెకూ ఆటపలక ఉండే కింది పెట్టెకూ మధ్య ఉండే పెద్ద ప్లగ్గుల మీద. వాటి ఇత్తడి పిన్నులు నల్లబడితే కరెంటు కొంత అందుతుంది, కొంత అందదు. ప్లగ్గు తీసి, పిన్నులను మెత్తని స్కాచ్‌బ్రైట్‌తో రుద్ది, పొడి గుడ్డతో తుడిచి తిరిగి బిగిస్తే చాలాసార్లు యంత్రం మేలుకుంటుంది.

దీపాలు వెలుగుతున్నాయి, స్టార్టు నొక్కితే మోటారు ఆగకుండా తిరుగుతోంది

ఎక్కువమందిని బెదరగొట్టేది ఈ లక్షణమే, కానీ కారణం దొరకడం తేలిక. ఆట మొదలైనప్పుడు స్కోరు మోటారు తిరుగుతూ అంకెల చక్రాల కాయిళ్లకు వరసగా విద్యుత్ తట్లు పంపుతుంది. ఒక్కో తట్టుకు చక్రం ఒక్కో అంకె ముందుకు జరుగుతుంది. సున్నా దగ్గరికి రాగానే దాని వెనుక ఉన్న చిన్న స్విచ్చు తెరుచుకుని ఆ కాయిలుకు కరెంటు ఆపేస్తుంది. అన్ని చక్రాలూ సున్నాకు చేరితేనే రీసెట్ రిలే వదిలి మోటారు ఆగుతుంది. అంటే మోటారు ఆగడం లేదంటే, ఎక్కడో ఒక చక్రం సున్నాకు చేరలేదు, లేదా చేరినట్టు స్విచ్చు చెప్పడం లేదు.

కాబట్టి చక్రాల వైపు చూడాలి. ఒక చక్రం 4 దగ్గరో 7 దగ్గరో నిలిచిపోయి ఉంటే, కరెంటు తీసేసి దాని ప్లంజరును (కాయిలు లోపలికి లాగే ఇనుప కడ్డీని) వేలితో నొక్కి వదలాలి. బద్ధకంగా వెనక్కి వస్తే జిగురైన గ్రీజే దోషి. చక్రం విప్పి, ప్లంజరు, పళ్లచక్రాన్ని పట్టే కొక్కెం తిరిగే ఇరుసు, అన్నింటినీ ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో కడగాలి. మొబైలు రిపేరువాళ్లు వాడే ఐపీఏ అదే. ప్లంజరుకు మళ్లీ నూనె గానీ గ్రీజు గానీ రాయవద్దు. కాయిలు గొట్టంలో పొడిగా జారడమే దాని పద్ధతి. రాసిన నూనె దుమ్ముతో కలిసి కొన్ని నెలల్లో పాత స్థితికే తెస్తుంది. తుప్పు వదిలించే స్ప్రేలు మరీ ప్రమాదం, ఎందుకంటే వాటికి నిప్పంటుకునే గుణం ఉంది, ఈ పెట్టెలో పాయింట్ల మధ్య రవ్వలు పుడుతూనే ఉంటాయి.

వేలితో నొక్కితే చక్రం హాయిగా కదిలి, కరెంటుతో మాత్రం కదలకపోతే, ఆ కాయిలు తీగ ఒక కొస ఊడదీసి ఓములు కొలవాలి. అంకె అసలు రాకపోతే కాయిలు తెగినట్టు. సాధారణంగా తెగేది పైన టంకం దగ్గరే కాబట్టి, ఒక చుట్టు విప్పి తిరిగి అతికితే సరిపోవచ్చు.

చక్రాలన్నీ సున్నా మీదే ఉన్నా మోటారు తిరుగుతూ ఉంటే, అనుమానం సున్నా స్విచ్చుల మీదికి మారుతుంది. ఒక్కో స్విచ్చు రేకుల మధ్య కాగితపు ముక్క పెట్టి చూస్తూ వెళ్తే, ఏ స్విచ్చు దగ్గర మోటారు ఆగుతుందో అక్కడే లోపం. కాగితం పెట్టే ప్రతిసారీ యంత్రం ఆపి పెట్టాలని వేరే చెప్పనక్కరలేదు. అన్నీ బాగున్నాయని తేలితే చివరి అనుమానం మోటారు సొంత స్విచ్చు మీద. మోటారు ఆగవలసిన స్థానానికి వచ్చినప్పుడు అది తెరుచుకోవాలి.

స్విచ్చుల శుభ్రతకు ఒక పద్ధతి ఉంది. చాలా స్విచ్చుల పాయింట్లు వెండివి. ఉప్పుకాగితంతో రుద్దితే వెండి అరిగి, ఇసుక రేణువులు పాయింట్లలో ఇరుక్కుంటాయి. మందపాటి శుభలేఖ అట్టను సన్నగా కత్తిరించి, ఐపీఏలో తడిపి, పాయింట్ల మధ్య పెట్టి, రేకులను తేలికగా నొక్కి లాగితే నలుపు అట్టకు అంటుతుంది. అది తెల్లగా వచ్చేదాకా లాగడమే పని. ఇది విసుగు పుట్టించే పనే, కానీ దీనికి అడ్డదారి లేదు.

ఫ్లిప్పర్లు బంతిని పైదాకా కొట్టలేకపోతున్నాయి

ఫ్లిప్పర్లంటే బొత్తాం నొక్కితే లేచి బంతిని కొట్టే రెండు చిన్న చేతులు. రెండూ బలహీనమైతే ఒక కారణం, ఒకటే బలహీనమైతే మరో కారణం. రెండూ అయితే ముందు వోల్టేజి కొలవాలి. గాట్లీబ్ యంత్రాల్లో కాయిళ్లకు సుమారు 25, బాలీ యంత్రాల్లో సుమారు 50 వోల్టుల ఏసీ (దిశ మారుతూ ఉండే కరెంటు) వస్తుంది. వేసవి సాయంత్రాల్లో వీధంతా ఎయిర్ కండిషనర్లు, మోటార్లు నడిచే వేళ గోడ ప్లగ్గులోనే వోల్టేజి తగ్గితే ఫ్లిప్పర్లు నీరసించడం సహజం. అదే యంత్రాన్ని తెల్లవారుజామున ఆడి చూస్తే తేడా తెలుస్తుంది. అటువంటి ఇంట్లో స్టెబిలైజరు పెట్టుకోవడమే మందు.

ఒకటే బలహీనమైతే లోపం ఆ ఫ్లిప్పరులోనే ఉంది. ఫ్లిప్పరు కాయిలులో రెండు వైండింగులు ఉంటాయి. లావు తీగది దెబ్బ కొట్టడానికి, సన్న తీగది బొత్తాం నొక్కి పట్టినంతసేపూ ఫ్లిప్పరును పైన నిలిపి ఉంచడానికి. ఫ్లిప్పరు పైకి లేచే చివరి క్షణంలో ఒక స్విచ్చు తెరుచుకుని, సన్న వైండింగును కూడా దారిలోకి తెచ్చి కరెంటు తగ్గిస్తుంది. ఆ స్విచ్చు పాయింట్లు మసిబారితే లావు వైండింగుకు పూర్తి కరెంటు అందక దెబ్బ పడదు. అసలు తెరుచుకోకపోతే కాయిలు కాలిపోతుంది. ఫ్లిప్పరు పూర్తిగా లేచినప్పుడు పాయింట్ల మధ్య 2 నుంచి 3 మిల్లీమీటర్ల సందు ఉండేలా రేకు వంచాలి.

ఈ స్విచ్చుకూ, పెట్టె పక్కన బొత్తాం లోపలి స్విచ్చుకూ ఉండేవి టంగ్‌స్టన్ పాయింట్లు. శుభలేఖ అట్ట వీటికి చాలదు. పాత స్కూటర్లు, అంబాసిడర్లు చూసిన మెకానిక్కులు ఇంజనులోని సీబీ (కాంటాక్ట్ బ్రేకర్) పాయింట్లు రాసే సన్న ఆకురాయి వీటికి సరిగ్గా సరిపోతుంది.

పాయింట్లు బాగున్నా దెబ్బ పడకపోతే ప్లంజరు కొస చితికి గొట్టంలో ఇరుక్కుంటోందేమో చూడాలి. చితికిన అంచును ఆకురాయితో చదును చేసి, లోపలి నైలాను గొట్టం మార్చాలి. గొట్టం దొరకకపోతే లేతు షాపులో నైలాను రాడ్డు తిప్పించుకోవచ్చు.

కాలిన వాసన, ఒక కాయిలు చేయి పెట్టలేనంత వేడి

వెంటనే ప్లగ్గు లాగాలి, యంత్రం ఆపే బొత్తాం వెతుకుతూ నిలబడవద్దు. కాయిలుకు కరెంటు ఇచ్చే స్విచ్చు గానీ రిలే గానీ అతుక్కుపోయిందని అర్థం. ముందు ఆ అతుకు కనిపెట్టి సరిచేయాలి. కాయిలు ఒక్కటే మారిస్తే కొత్తదీ అదే దారిన పోతుంది.

కాలిన కాయిలును పారేయనక్కరలేదు. బోరు మోటార్లకు వైండింగు చేసే షాపు మన ప్రాంతంలో ప్రతి పట్టణంలోనూ ఉంది. విలియమ్స్, బాలీ కాయిళ్ల నంబరులోనే లెక్క ఉంటుంది. 28-1000 అని ఉంటే 28 గేజి తీగ, 1000 చుట్లు. అయితే అది అమెరికా గేజి, మన వైండింగువాళ్లు వాడేది బ్రిటిషు గేజి. అమెరికా 28 గేజి తీగ మందం 0.32 మిల్లీమీటరు, దానికి దగ్గరిది మన 30 గేజి. నంబరు చెప్పకుండా మిల్లీమీటర్లలో మందం చెప్పడం క్షేమం. ఏసీ మీద నడిచే కాయిలుకు డయోడు పెట్టవద్దని కూడా చెప్పాలి.

ఎవరూ కదపకుండానే టిల్ట్ పడుతోంది

యంత్రాన్ని ఊపితే ఆట ఆపేసే ఏర్పాటే టిల్ట్. దీనికోసం లోపల వేలాడే బరువు తాపీమేస్త్రి తూకం గుండు లాంటిదే. చుట్టూ ఉన్న వలయానికి తగిలితే ఆట ఆగుతుంది. పెట్టె పక్కకు ఒరిగి ఉంటే అది తగిలే ఉంటుంది. రసమట్టం అడ్డంగా పెట్టి, కాళ్ల కింది మరలు తిప్పి సరిచేయాలి. వెనుక వైపు మాత్రం ఎత్తుండాలి; ఈ తరం యంత్రాలకు సుమారు మూడున్నర డిగ్రీల వాలు సరిపోతుంది.

బంతి ఈడ్చుకుంటూ పోతోంది, రంగు లేస్తోంది

తుప్పు మచ్చలున్న బంతి ఆటపలక రంగును గీకేస్తుంది. దానికి మరమ్మతు లేదు, మార్చాలి. బేరింగుల దుకాణంలో అంగుళం పైన పదహారో వంతు, అంటే 27 మిల్లీమీటర్ల ఉక్కు బంతి అడగాలి. బరువు 80 గ్రాములు. ఎండకు పగిలిన రబ్బరు వలయాలన్నీ ఒకేసారి మార్చడం మేలు. ఆటపలకను నీళ్లతో తుడవవద్దు. చెక్క ఉబ్బి రంగు లేస్తుంది. కార్నుబా మైనం ఉన్న కారు పాలిష్ పలచగా పూస్తే బంతి జారుతుంది.

పై పెట్టె ముందు బొమ్మ ఉన్న అద్దం సంగతి వేరు. రంగు అద్దం వెనుక వైపున ఉంటుంది, దీపాల వేడికి పెళుసై పొరలుగా రాలుతుంది. ఆ వైపు పొడి గుడ్డ కూడా తగలకూడదు. వేడి తగ్గించడానికి 44 నంబరు దీపాల స్థానంలో 47 నంబరువి వేయాలి, మొదటిది 0.25 ఆంపియరు, రెండవది 0.15 ఆంపియరు తీసుకుంటుంది. వెలుగు కొంచెం తగ్గుతుంది, బొమ్మ నిలుస్తుంది.

బాగుచేసినది వానల తరువాత మళ్లీ మొరాయిస్తోంది

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తేమ మన జిల్లాలను వదలదు. ముట్టకుండా ఉంచిన పాయింట్లకే కిలుము త్వరగా పడుతుంది, ఆడుతుంటే రాపిడికి అదే తుడుచుకుపోతుంది. కాబట్టి ఆ మూడు నెలలూ వారానికి ఒకసారైనా ఆడాలి, బయటి గోడకు ఆనించి పెట్టకూడదు. పెట్టె అడుగున గాలికి ఉన్న రంధ్రాలకు సన్న ఇనుప వల కొట్టాలి. పొలాల్లో నీరు నిలిస్తే ఎలుకలు ఇళ్లలోకి వస్తాయి, గుడ్డ తొడుగున్న పాత వైర్లను అవి వదలవు. కొరికిన తీగను అతికేటప్పుడు దాని రంగునూ, దాని మీది సన్న గీత రంగునూ సర్క్యూటు పటంలో సరిచూసుకోవాలి. ఒకే రంగుగా కనిపించే రెండు తీగలకు తేడా ఆ గీతే, కానీ మసిపట్టిన గుడ్డ మీద అది కనబడదు; తొడుగును ఐపీఏతో తుడిచాకే టంకం పెట్టాలి.