నెట్‌వర్క్‌లో ఎవరు లాగిన్ అయి ఉన్నారో స్క్రిప్ట్ తప్పుగా చెబుతోందా? కారణాలు, పరిష్కారాలు

అనంతపురంలో ఎండాకాలం కరెంటు పోయిందంటే యూపీఎస్ బ్యాటరీ అయిపోయేలోపు ఆఫీసులో సిస్టంలన్నీ పద్ధతిగా ఆపేయాలి. దానికి చాలామంది రాసుకునే స్క్రిప్ట్ ఒకటే: ప్రతి సిస్టంలో ఎవరైనా లాగిన్ అయి ఉన్నారేమో చూడు, లేకపోతే షట్‌డౌన్ చెయ్యి. స్క్రిప్ట్ ఎవరూ లేరంటుంది, సిస్టం ఆగిపోతుంది, వెంటనే ఫోన్ వస్తుంది: "అన్నా, బిల్లు కొడతా ఉంటే ఆఫయిపోయింది, ఏం చేసినారు?" అసలు చిక్కు ఏంటంటే, ఖాళీ జవాబు వచ్చినంత మాత్రాన అక్కడ ఎవరూ లేనట్టు కాదు. (నెట్‌వర్క్ స్విచ్ కూడా యూపీఎస్ మీదే ఉండాలి, లేకపోతే ఏ స్క్రిప్టూ పనిచేయదు.)

విండోస్ డొమైన్‌లో (ఆఫీసు సిస్టంలన్నీ ఒకే సర్వర్ అజమాయిషీలో ఉండే ఏర్పాటు) ఎవరు ఏ సిస్టంలో ఉన్నారనే పట్టిక ఎక్కడా రెడీగా దొరకదు. డొమైన్ ఖాతాల జాబితా అయిన యాక్టివ్ డైరెక్టరీలో కనిపించే లాస్ట్ లాగాన్ టైమ్‌స్టాంప్ చివరిసారి ఎప్పుడు లాగిన్ అయ్యారో చెబుతుంది తప్ప ఎక్కడో చెప్పదు, అది కూడా మామూలు సెట్టింగుల్లో 9 నుంచి 14 రోజులు పాతదై ఉండొచ్చు. కాబట్టి ఒక్కో సిస్టంనే అడగాలి.

మనిషి పనిచేస్తున్నాడు, పేరు మాత్రం ఖాళీగా వస్తోంది

డబ్ల్యూఎంఐలో (సిస్టం వివరాలు దూరం నుంచి అడగడానికి విండోస్‌లో ఉన్న ఏర్పాటు) విన్32 కంప్యూటర్ సిస్టం క్లాస్‌ నుంచి యూజర్‌నేమ్ తీసుకుంటున్నారా? అది సిస్టం ముందు కూర్చున్నవాళ్ల పేరే ఇస్తుంది. తాడిపత్రి బ్రాంచ్ నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌లో వచ్చి పనిచేసేవాళ్లు అందులో కనపడరు. దాని బదులు క్వెరీ యూజర్ కమాండ్‌ను సర్వర్ ఆప్షన్‌తో వాడండి, ముందు కూర్చున్నవాళ్లు, రిమోట్‌లో వచ్చినవాళ్లు, విండో మూసేసి సెషన్ అలాగే వదిలేసినవాళ్లు అందరూ వస్తారు. విండోస్ హోమ్ ఎడిషన్‌లో ఈ కమాండ్ ఉండదు, అక్కడ ఎక్స్‌ప్లోరర్ ప్రాసెస్ ఎవరి పేరు మీద నడుస్తోందో చూడటం తేలిక.

ఎప్పుడో వెళ్లిపోయినవాళ్లు ఇంకా ఉన్నట్టు వస్తోంది

విన్32 లాగ్డ్ ఆన్ యూజర్ క్లాస్‌తో వచ్చే తిప్పలు ఇవి. లాగాఫ్ అయినా పాత సెషన్లు అందులో మిగిలిపోతుంటాయి, పైగా డీడబ్ల్యూఎం-1, యూఎంఎఫ్‌డీ-0 లాంటి పేర్లు కూడా వస్తాయి. అవి మనుషులు కాదు, విండోస్ తన పనికి పెట్టుకున్న ఖాతాలు. లాగాన్ టైప్ 2 (సిస్టం ముందు కూర్చుని లాగిన్), 10 (రిమోట్ డెస్క్‌టాప్) మాత్రమే ఉంచుకుంటే చాలని చాలామంది చెబుతారు కానీ చాలదు, ఎందుకంటే ఈ ఖాతాలది కూడా టైప్ 2నే. విండో మేనేజర్, ఫాంట్ డ్రైవర్ హోస్ట్ అనే డొమైన్ పేర్లున్నవి విడిగా తీసేయాలి. నన్నడిగితే ఈ క్లాస్ జోలికే పోవద్దంటాను.

ఎర్రర్ 5, ఎర్రర్ 1722

నష్టం ఎక్కువ జరిగేది ఇక్కడే. 5 అంటే అనుమతి లేదని. 1722 అంటే ఆర్‌పీసీ సర్వర్ (దూరం నుంచి అడిగేవాటికి జవాబిచ్చే విండోస్ సర్వీసు) అందలేదని: సిస్టం ఆఫ్‌లో ఉండొచ్చు, ఫైర్‌వాల్ ఆపి ఉండొచ్చు, పేరు వేరే ఐపీకి పోతుండొచ్చు. డబ్ల్యూఎంఐకి 135 పోర్టుతో పాటు 49152 నుంచి 65535 దాకా ఉన్న పోర్టులు కావాలి, కాబట్టి ఒక్కో పోర్టు తెరుస్తూ కూర్చోకుండా ఫైర్‌వాల్‌లో విండోస్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్ట్రుమెంటేషన్ రూల్స్ గ్రూపునే ఎనేబుల్ చేయండి. డబ్ల్యూఎంఐ పనిచేస్తూ క్వెరీ యూజర్ ఒక్కటే మొండికేస్తుంటే, ఆ సిస్టం రిజిస్ట్రీలో టెర్మినల్ సర్వర్ కీ కింద అలో రిమోట్ ఆర్‌పీసీ విలువను 1 చేసి చూడండి. డొమైన్ లేని చిన్న ఆఫీసుల్లో లోకల్ అడ్మిన్ ఖాతాతో అడిగితే యూఏసీ అనే విండోస్ భద్రతా ఏర్పాటు హక్కులు తగ్గించేస్తుంది. రిజిస్ట్రీలో లోకల్ అకౌంట్ టోకెన్ ఫిల్టర్ పాలసీ విలువ 1 చేస్తే దారి దొరుకుతుంది, కానీ అన్ని సిస్టంలకూ ఒకే పాస్‌వర్డ్ ఉంటే ఒకటి పోతే అన్నీ పోతాయి, ముందు అది మార్చండి.

స్క్రిప్ట్‌లో జవాబులు మూడు ఉండాలి: ఉన్నారు, లేరు, తెలియదు. ఎర్రర్ ఏది వచ్చినా అది తెలియదు కిందికే పోవాలి, అలాంటి సిస్టంను ఆపకూడదు. ఎవరూ లేనప్పుడు క్వెరీ యూజర్ "నో యూజర్ ఎగ్జిస్ట్స్" అని రాస్తుంది, అదీ ఎర్రర్ దారిలో వస్తుంది కాబట్టి మామూలు అవుట్‌పుట్, ఎర్రర్ అవుట్‌పుట్ రెండూ కలిపి చదివి, ఆ మాట కనిపిస్తేనే లేరు అని రాసుకోండి.

కాలమ్స్ తారుమారు

మామూలు లైనులో పేరు, సెషన్ పేరు, ఐడీ, స్థితి వరసగా ఉంటాయి: అకౌంట్స్1, కన్సోల్, 1, యాక్టివ్. సెషన్ డిస్‌కనెక్ట్ అయితే సెషన్ పేరు ఉండదు: క్యాషియర్2, 4, డిస్క్. ఖాళీల దగ్గర విడగొట్టే కోడ్ 4ను సెషన్ పేరనుకుంటుంది. రెండో మాట అంకె అయితే మధ్యలో ఒక ఖాళీ కాలమ్ చేర్చండి, సరిపోతుంది. మీ సొంత సెషన్ లైను ముందు బాణం గుర్తు ఉంటుంది, అదీ తీసేయండి.

వేరే సిస్టం యూజర్ పేరు వస్తోంది

సిస్టం పేరును ఐపీగా మార్చే డీఎన్‌ఎస్‌లో పాత రికార్డు ఉండిపోయింది, ఆ ఐపీ ఇప్పుడు ఇంకో ల్యాప్‌టాప్‌కు పోయింది. జవాబుతో పాటు కంప్యూటర్ పేరు కూడా అడిగి మీరు అడిగిన పేరుతో పోల్చండి, డీఎన్‌ఎస్‌లో పాత రికార్డులను తుడిచేసే స్కావెంజింగ్ ఆన్ చేయండి.

స్క్రిప్ట్ చాలాసేపు కదలదు

ఆఫ్‌లో ఉన్న సిస్టంల దగ్గర ఎదురుచూస్తోంది. పింగ్‌ను నమ్మొద్దు, దాన్ని ఫైర్‌వాల్ అడ్డుకుంటుంది. తక్కువ టైమౌట్‌తో 135 పోర్టు చూసి, తెరిచి ఉన్నవాటినే ఒకేసారి అడగండి. పవర్‌షెల్ 7లో గెట్ డబ్ల్యూఎంఐ ఆబ్జెక్ట్ లేదు. గెట్ సిమ్ ఇన్‌స్టెన్స్ వాడాలి, అది మామూలుగా 5985 పోర్టులో పోతుంది, కుదరకపోతే పాత పద్ధతి అయిన డీకామ్ పెట్టుకోవచ్చు.

లాగిన్ అయినప్పుడల్లా షేర్ ఫోల్డర్‌లో పేరు రాసుకునే పద్ధతి కూడా ఉంది, కానీ కరెంటు పోయి సిస్టం ఒక్కసారిగా ఆగిపోతే లాగాఫ్ నమోదు కాదు, ఆ పేరు అలాగే ఉండిపోతుంది.

షట్‌డౌన్ కమాండ్ కలిపే ముందు స్క్రిప్ట్‌ను ఉత్తి రిపోర్టుగా నడపండి. ఒక సిస్టం లాక్ చేయండి, ఒకదాంట్లోకి రిమోట్‌లో వెళ్లండి, ఒకదాంట్లో రిమోట్ విండో మూసేయండి, ఒకదానికి నెట్‌వర్క్ కేబుల్ పీకండి. మొదటి మూడింటికి ఉన్నారు అని, నాలుగోదానికి తెలియదు అని వస్తేనే షట్‌డౌన్ లైను కలపండి.